నేలపట్టు, పులికాట్‌లో చలికాలపు పక్షులు: ఒక్క రోజులో సరిగ్గా చూసే పద్ధతి

"వెళ్లాం, దూరంగా ఏవో తెల్లగా కనిపించాయి, వచ్చేశాం." సూళ్లూరుపేట దగ్గరి ఉప్పునీటి సరస్సు పులికాట్ చూసొచ్చినవాళ్లు నాతో ఎక్కువగా అనే మాట ఇది. వెనకాలే ప్రశ్న వస్తుంది: "మరి ఎలా చూడాలి?" ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పి చెప్పి, పులికాట్‌కూ, దాని దగ్గర్లోనే గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టే నేలపట్టు చెరువుకూ కలిపి, ఇప్పుడు మొత్తం ఒకచోట రాసిపెడుతున్నాను.

వాళ్లను కాస్త కదిలిస్తే తేలేది ఒకటే. పదకొండింటికి చేరతారు, ఎండకు ఎదురుగా నిలబడతారు, పక్షులు దూరంగా ఉన్నాయని వాటివైపు నడుస్తారు. ఈ మూడూ సరిచేసుకుంటే మామూలు బైనాక్యులర్‌తోనే కడుపునిండా చూసి రావచ్చు.

## 1. వారం ముందు: నీళ్ల కబురు కనుక్కోండి

ఇక్కడ చలికాలమంటే చలి లెక్క కాదు, నీళ్ల లెక్క. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, తుఫాన్లు ఈ రెండు చోట్లనూ నింపుతాయి. అయితే నిండుగా ఉన్న నీళ్లు ఒకచోట మేలు చేస్తే ఇంకోచోట అడ్డమవుతాయి.

నేలపట్టు చెరువు నిండాలి. గూడబాతులు గూళ్లు కట్టుకునే నీటి కడప చెట్ల మొదళ్లు నీళ్లలో ఉంటేనే నేలమీద తిరిగే జంతువులు గూళ్ల జోలికి రాలేవు. వానలు మొహం చాటేసిన ఏడాది గూళ్లూ పలచబడతాయి.

పులికాట్‌ది తిరగబడిన లెక్క. ఫ్లెమింగోలు నీళ్లలో నిలబడి, తల కిందులుగా వంచి మేస్తాయి. నీళ్లు మరీ లోతైతే ఆ చోటు వాటికి పనికిరాదు. తుఫాను వెలిసిన వారానికే వెళితే ఖాళీ నీళ్లు చూసి రావాల్సిందే. నీళ్లు లాగేకొద్దీ రోడ్డుకు దగ్గరి పర్రల్లోకి (లోతులేని బురద నేలల్లోకి) అవే వస్తాయి.

రెండూ కలిసొచ్చే కాలం జనవరి. కాస్త అటూ ఇటూగా డిసెంబరు ఆఖరి నుంచి ఫిబ్రవరి ఆఖరి దాకా అనుకోండి. జనవరి వైపు మొగ్గడానికి ఇంకో కారణం కూడా ఉంది. వలస బాతుల్లో మగవి వచ్చిన కొత్తలో ఆడవాటిలాగే మాసిన గోధుమ రంగులో ఉంటాయి. అసలు రంగులు జనవరికి తేలతాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అదెంత సాయమో 6వ భాగంలో చెబుతాను.

బయలుదేరే ముందు కనుక్కోవాల్సినవి:

☐ నేలపట్టు చెరువులో నీళ్లున్నాయా, గూళ్లు ఎంతవరకు వచ్చాయి
☐ సందర్శకులను ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా లోపలికి పంపుతున్నారు
☐ పులికాట్‌లో ఫ్లెమింగోలు రోడ్డుకు ఉత్తరానా, దక్షిణానా
☐ ఆ రోజు శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం ఉందా (ఉంటే రోడ్డంతా బండ్లు, తనిఖీలు)
☐ సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ రోజులా (జనాన్ని చూడాలంటే వెళ్లండి, పక్షులకైతే వద్దు)

శని, ఆదివారాలు మానుకుని పనిరోజున వెళ్లగలిగితే సగం పని అయిపోయినట్టే.

## 2. ముందురోజు: బైనాక్యులర్ మీ కళ్లకు కుదుర్చుకోండి

దాని మీద 8×42 అనో 10×42 అనో ఉంటుంది. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెబుతుంది. రెండోది ముందు అద్దం వ్యాసం, మిల్లీమీటర్లలో. కొత్తవాళ్లకు నా సలహా 8×42. పది రెట్లదానికి చేతి వణుకు కూడా పది రెట్లవుతుంది, కనిపించే మేర తగ్గుతుంది, ఎగిరే గుంపును పట్టుకోవడం కష్టం.

కొన్న రోజు నుంచీ బైనాక్యులర్‌ను ఒక్కసారి కూడా సరిచేసుకోకుండా వాడేవాళ్లు బోలెడుమంది. "నాకెందుకో మసకగానే కనిపిస్తుంది" అన్నవాళ్లది తీసుకుని చూస్తే చాలాసార్లు సమస్య ఇదే. ఇంట్లోనే, కిటికీలోంచి దూరంగా ఉన్న బోర్డు ఏదైనా చూస్తూ ఇలా చేయండి:

1. రెండు గొట్టాలనూ దగ్గరికి, దూరానికి జరుపుతూ, కనిపించే రెండు వృత్తాలు ఒక్కటయ్యేలా చూసుకోండి.
2. కుడివైపు ముందు అద్దాన్ని అరచేత్తో మూసి, మధ్యలో ఉన్న చక్రం తిప్పుతూ ఎడమ కంటికి అక్షరాలు స్పష్టం చేసుకోండి.
3. ఇప్పుడు ఎడమవైపు అద్దం మూయండి. మధ్య చక్రాన్ని ముట్టుకోవద్దు. కుడి కంటి దగ్గరుండే రింగును తిప్పి స్పష్టం చేసుకోండి.
4. ఆ రింగు ఏ గీత దగ్గర ఆగిందో గుర్తుపెట్టుకోండి. ఇక రోజంతా మధ్య చక్రంతోనే పని.

కళ్లజోడు ఉన్నవాళ్లు కంటివైపు రబ్బరు కప్పులను కిందికి దించి వాడాలి. లేనివాళ్లు పైకి లేపి ఉంచాలి.

ఇంకో అలవాటు కూడా ఇంటి దగ్గరే చేసుకోండి. ముందు వట్టి కంటితో పక్షిని చూడండి. చూపు దానిమీద నుంచి తీయకుండా, తల కదపకుండా, బైనాక్యులర్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకోండి. బైనాక్యులర్ పెట్టుకుని ఆకాశమంతా గాలిస్తే పక్షి దొరకదు. కరెంటు తీగమీద కాకితో ఇరవైసార్లు చేస్తే చేతికి వచ్చేస్తుంది.

సంచిలో ఉండాల్సినవి:

☐ చిన్న నోటు పుస్తకం, పెన్సిలు (మంచుకు తడిసినా పెన్సిలు రాస్తుంది)
☐ ఫోనులో మెర్లిన్ (పక్షిని గుర్తుపట్టేది), ఈబర్డ్ (చూసినవి జాబితా రాసుకునేది) యాప్‌లు, మన ప్రాంతపు పక్షుల ప్యాకు ముందే దించుకుని
☐ అంచున్న టోపీ, మట్టి రంగు లేదా ఆకుపచ్చ చొక్కా
☐ మనిషికి రెండు లీటర్ల నీళ్లు, టిఫిన్ పొట్లం
☐ అద్దాలు తుడుచుకునే మెత్తటి గుడ్డ; పులికాట్ గాలిలో ఉప్పుంటుంది, చొక్కా కొసతో తుడిస్తే గీతలు పడతాయి

స్పాటింగ్ స్కోపు (స్టాండు మీద పెట్టి చూసే దూరదర్శిని) ఉన్న మిత్రుడు ఉంటే బతిమాలైనా వెంటబెట్టుకోండి. నేలపట్టులో అది లేకపోయినా లోటు తెలియదు. పులికాట్‌లో మాత్రం తెలుస్తుంది.

## 3. రోజును వరసలో పెట్టుకోండి

మొదట పులికాట్, తర్వాత నేలపట్టు. చాలామంది దీన్ని తిరగేస్తారు.

కారణం ఎండ. పులికాట్ విశాలమైన ఉప్పునీటి సరస్సు. పొద్దెక్కాక నీటిమీద వేడిగాలి వణకడం మొదలవుతుంది. పదింటి తర్వాత ఎంత ఖరీదైన అద్దంలోంచి చూసినా ఫ్లెమింగోలు నీళ్లలో కరిగిపోతున్నట్టే ఉంటాయి. నేలపట్టులో గూళ్లు దగ్గర. పైగా మేతకు పోయిన పక్షులు సాయంత్రానికి గుంపులు గుంపులుగా తిరిగొస్తాయి.

జనవరిలో ఇక్కడ దాదాపు ఆరున్నరకు పొద్దు పొడుస్తుంది, సాయంత్రం ఆరు ప్రాంతంలో కుంకుతుంది. నా వరస ఇది:

- 5:45: సూళ్లూరుపేటలో టీ, బయలుదేరడం
- 6:15: పులికాట్ రోడ్డు తూర్పు కొస
- 6:15 నుంచి 9:30: ఆగుతూ ఆగుతూ వెనక్కి రావడం
- 10 నుంచి 2: టిఫిను, భోజనం, నీడలో విశ్రాంతి
- 2:30 నుంచి మూసేదాకా: నేలపట్టు

సూళ్లూరుపేట నుంచి నేలపట్టు సుమారు 20 కిలోమీటర్లు, జాతీయ రహదారి మీద ఉత్తరంగా దొరవారిసత్రం వైపు. సొంత బండి లేకపోతే రైల్లో సూళ్లూరుపేట దిగి ఆటో రోజంతటికీ మాట్లాడుకోండి. ఎక్కేముందే డ్రైవరుకు మూడు మాటలు చెప్పండి: అడిగినచోటల్లా ఆపాలి, ఆపగానే ఇంజన్ కట్టేయాలి, హారన్ కొట్టొద్దు. మూడోది రెండుసార్లు చెప్పండి.

మధ్యాహ్నం ఖాళీగా కూర్చోలేనివాళ్లు వెదురుపట్టు వెళ్లొచ్చు. ఊళ్లో ఇళ్ల మధ్య చింతచెట్ల మీదే ఎర్రకాళ్ల కొంగలు (పెయింటెడ్ స్టార్క్‌లు) గూళ్లు కడతాయి. అవి వచ్చాయో లేదో ముందే కనుక్కుని కదలండి.

## 4. పులికాట్ రోడ్డు: ముందు కొసకు, తర్వాత వెనక్కి

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సును చీల్చుకుంటూ పడమర నుంచి తూర్పుకు సాగుతుంది. అంటే నీళ్లు మీకు ఉత్తరాన ఉంటాయి, దక్షిణాన ఉంటాయి. ఈ ఒక్క సంగతి బుర్రలో ఉంచుకుంటే మిగతాదంతా సులువు.

పొద్దున్నే తూర్పుకు పోతూ ఆగితే సూర్యుడు సూటిగా కళ్లలో పడతాడు. అందుకే చీకటి ఉండగానే, మధ్యలో ఎక్కడా ఆగకుండా, తూర్పు కొసకు వెళ్లిపోండి. అంతరిక్ష కేంద్రం చెక్‌పోస్టుకు బాగా ఇవతలే బండి తిప్పండి. ఆ దాపుల్లో కెమెరా బయటికి తీయొద్దు. తిరిగి పడమరకు వస్తుంటే వెలుతురు మీ వీపువైపు ఉంటుంది.

చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు. కాబట్టి రోడ్డుకు ఉత్తరాన ఉన్న పక్షులకు దాదాపు రోజంతా వెలుతురు బాగా పడుతుంది. దక్షిణాన ఉన్నవి నల్లటి నీడల్లా కనిపిస్తాయి. గుంపు దక్షిణానే ఉందా? రంగులు వెతక్కండి. ఆకారం, నడక, ఎగిరే తీరు చూసి ముందుకు కదలండి.

ఆగినచోట చేయాల్సింది:

1. బండిని తారు మీద నుంచి పూర్తిగా దించి ఆపండి. ఈ రోడ్డు మీద వాహనాలు వేగంగా వస్తాయి.
2. రెండు నిమిషాలు బండిలోనే కూర్చోండి. పక్షులు బండికి అంతగా బెదరవు, రెండు కాళ్ల మీద నిలబడ్డ మనిషికి బెదురుతాయి.
3. ముందు దగ్గరి బురదను చూడండి. అందరి చూపూ దూరాన ఉన్న గులాబీ గీత మీదకు పోతుంది. ఈలోగా పదడుగుల్లో పరుగెడుతున్న చిన్న పిట్టలు తప్పిపోతాయి.
4. తర్వాత ఎడమ నుంచి కుడికి, నెమ్మదిగా, బైనాక్యులర్‌తో నీటి అంచు వెంబడి చూడండి.
5. చివరికి పైకి. గరుడపక్షి ఏదైనా దాటితే గుంపులన్నీ ఒక్కసారిగా లేస్తాయి. అవి లేస్తే మీరూ పైకే చూడాలన్నమాట.

ఒకటి గట్టిగా చెప్పాలి: రోడ్డు దిగి పర్రలోకి నడవొద్దు. పైన ఎండి పగిలి, గట్టిగా కనిపిస్తుంది. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఆ పొర మీద ఆరడుగులు వేశాను. ఏడో అడుగుకి మోకాలి దాకా దిగింది. కాలు వచ్చింది, చెప్పు రాలేదు. నన్ను చూసి గుంపు మొత్తం లేచి అర కిలోమీటరు అవతల వాలింది, వెనక బండ్లలో ఉన్నవాళ్లు నన్ను ఏమనుకున్నారో వేరే చెప్పక్కర్లేదు.

ఎంత దగ్గర చాలు? పక్షులు మేత ఆపి తలలెత్తి, అన్నీ ఒకేవైపు నడవడం మొదలుపెట్టాయంటే మీరు ఎక్కువ దగ్గరైనట్టు. అక్కడే ఆగండి, రెండడుగులు వెనక్కి వేయండి. ఫ్లెమింగోలు మేసేచోట కాసేపు స్థిరంగా నిలబడితే, చాలాసార్లు మేస్తూ మేస్తూ అవే ఇటు జరుగుతాయి.

## 5. నేలపట్టు: గట్టు మీద నడక తక్కువ, నిలబడడం ఎక్కువ

గట్టు మీదికి రాగానే ముందు వాసన, తర్వాత గోల, ఆ తర్వాతే చూపు. నీటి కడప చెట్ల కొమ్మలు రెట్టతో సున్నం కొట్టినట్టు ఉంటాయి. గట్టంతా చకచకా నడిచేసి "చూసేశాం" అనుకోవద్దు. గూళ్లు బాగా కనిపించే ఒక చోటు ఎంచుకుని అరగంట నిలబడండి.

ఒక్క చెట్టునే చూడండి. పై కొమ్మల్లో గూడబాతులు, పక్క చెట్లలో నత్తగుల్ల కొంగలు (ఓపెన్‌బిల్), తెల్ల కంకణాలు (ఐబిస్), లోపలి నీడలో ఎర్ర కన్నుతో చింతవక్క (నైట్ హెరాన్). గూడబాతు మేత తెచ్చి వాలినప్పుడు కొమ్మ కిందికి దిగి మళ్లీ లేస్తుంది. పిల్ల తన తలను తల్లి గొంతు సంచిలోకి భుజాల దాకా దూర్చేస్తుంది. మొదటిసారి చూసినవాళ్లకు తల్లి పిల్లను మింగేస్తోందనిపిస్తుంది! కొంచెం ఆగండి, తడిసిన తలతో బయటికొస్తుంది.

మధ్యాహ్నపు ఎండలో కొంగలను గమనించండి. పెద్దపక్షి ఎండకు వీపు పెట్టి, రెక్కలు సగం విప్పి నిలబడి ఉంటుంది. దాని నీడలో పిల్లలుంటాయి. మీ అరుపుకో, చప్పట్లకో ఆ పక్షి లేచిపోతే పిల్లలు ఎండకు మాడతాయి, కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి. గట్టు మీద మాట తగ్గించమనేది ఇందుకే.

గూళ్ల తర్వాత చెరువు నడిమి నీళ్లను చూడండి. బాతులు పగలు అక్కడ తేలుతూ కునుకు తీస్తాయి. వాచ్‌టవర్ ఎక్కితే మొత్తం కనిపిస్తుంది. కాకపోతే అక్కడ జనం ఎక్కువ. నేను ఎక్కి, బాతులు ఎటున్నాయో చూసుకుని, దిగిపోతాను.

పొద్దువాలే వేళకు గట్టు మీద ఉండేలా చూసుకోండి. మేతకు పోయిన పక్షులు పులికాట్ వైపు నుంచి వరసలు వరసలుగా తిరిగొస్తాయి. చింతవక్కలేమో సరిగ్గా అప్పుడే మేతకు బయలుదేరతాయి.

## 6. గుర్తుపట్టే వరస

రంగుతో మొదలుపెట్టొద్దు. వెలుతురును బట్టి రంగు మారిపోతుంది. ఈ వరసలో అడగండి: ఎంత పెద్దది? ముక్కు ఎలా ఉంది? కాళ్ల రంగేమిటి? ఏం చేస్తోంది? ఎగిరితే ఏం కనిపించింది?

తెల్లవాటి చిక్కు. కొత్తవాళ్లు మొదట తడబడేది ఇక్కడే. ముక్కు చూస్తే విడిపోతాయి.

- ముక్కు నలుపు, కాలివేళ్లు పసుపు: చిన్న తెల్లకొంగ
- కొడవలిలా వంగిన నల్ల ముక్కు, బోడి నల్ల తల: తెల్ల కంకణం
- ముక్కు చివర గరిటెలా వెడల్పు: తెడ్డుమూతి కొంగ
- ముక్కు మూసినా మధ్యలో సందు: నత్తగుల్ల కొంగ
- పొడవాటి పసుపు ముక్కు, తోక దగ్గర గులాబీ: ఎర్రకాళ్ల కొంగ

ఆఖరిదాన్ని చూసి "ఫ్లెమింగో!" అని కేక వేసేవాళ్లు ప్రతి గుంపులోనూ ఒకరుంటారు. ఫ్లెమింగో ముక్కు మధ్యలో విరిచినట్టు కిందికి వంగి, కొస నల్లగా ఉంటుంది. గుంపులో బూడిద రంగువి కనిపిస్తే అవి ఇంకో జాతి కాదు, ఎదుగుతున్న పిల్లలు.

ఎగిరేటప్పుడు మెడ. కొంగ జాతుల్లో తెల్లకొంగ, చింతవక్క లాంటివి మెడ మడుచుకుని ఎగురుతాయి. ఎర్రకాళ్ల కొంగ, నత్తగుల్ల కొంగ, తెడ్డుమూతి, ఫ్లెమింగో మెడ చాచి ఎగురుతాయి. గూడబాతు తలను భుజాల్లోకి లాక్కుంటుంది. ఎదురెండలో కూడా ఇది పనిచేస్తుంది.

బాతులు. ముందు మగదాన్ని పట్టుకోండి. చాకొలెట్ తల, మెడకు పక్కగా తెల్ల చార, సూదిలాంటి తోక ఉంటే సూదితోక బాతు. ముక్కు పారలా వెడల్పుగా, తల ముదురు ఆకుపచ్చగా ఉంటే గరిటెమూతి బాతు. కంటిమీద తెల్లటి కనుబొమ లాంటి చార ఉంటే గార్గనీ. ఆ మగదాని పక్కనే తేలుతున్న గోధుమ రంగుది చాలావరకు దాని ఆడది. తర్వాత ముక్కు చూసి ఖాయం చేసుకోండి. ముక్కు కొస పసుపుగా ఉన్న బూడిద బాతు వలసది కాదు, ఏడాది పొడుగునా ఉండే మన స్పాట్‌బిల్ బాతు.

బురద పిట్టలు. మొదటి రోజే అన్నీ తేల్చాలనుకుంటే తలనొప్పే మిగులుతుంది. నాలుగు చాలు. సన్నటి గులాబీ రంగు కాళ్లు మరీ పొడవుగా, నల్ల రెక్కలతో ఉంటే స్టిల్ట్. పిచ్చుకంత ఉండి, నల్ల కాళ్లతో కుట్టుమిషన్‌లా బురదను పొడుస్తూ పరుగెత్తితే లిటిల్ స్టింట్. నారింజ ఎరుపు కాళ్లతో, ఎగిరితే రెక్క వెనక అంచు తెల్లగా మెరిస్తే రెడ్‌షాంక్. పొడవాటి తిన్నని ముక్కు మొదట్లో గులాబీగా ఉండి, ఎగిరితే నల్ల తోక, రెక్కలో తెల్ల పట్టీ కనిపిస్తే బ్లాక్‌టెయిల్డ్ గాడ్‌విట్. మిగతావాటికి "చిన్న ఉల్లంకి, పేరు తెలియదు" అని రాసుకోవడం తప్పేమీ కాదు. నేను ఇప్పటికీ రాస్తాను.

## 7. లెక్క, నోటు

వెయ్యి బాతుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టలేం. గుంపు అంచున పది లెక్కపెట్టండి. ఆ పది ఎంత చోటు పట్టాయో కంటితో కొలత తీసుకోండి. అలాంటి ముక్కలు గుంపంతటిలో ఎన్ని పడతాయో చూడండి. మధ్యలో చిక్కగా, అంచుల్లో పలచగా ఉంటాయి కాబట్టి ఇంకోసారి అవతలి అంచు నుంచి లెక్కించి, రెండింటి మధ్య అంకె వేసుకోండి.

ఈబర్డ్‌లో పులికాట్‌కు ఒక జాబితా, నేలపట్టుకు ఇంకొకటి పెట్టండి. మొదలుపెట్టిన సమయం, ఎంతసేపు, ఎంత దూరం ఉండాలి. కాకిని, మైనాను కూడా రాయాలి. అరుదైనవే రాస్తే ఆ జాబితా ఎవరికీ కొరగాదు. ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణనలో చేరాలన్న ఆలోచన ఉంటే, ఈ అలవాటు ముందే ఉండడం మంచిది.

## 8. తరచూ జరిగే పొరపాట్లు, వాటి సవరణ

ఫోను కెమెరాతో జూమ్ చేసి అరగంట పోగొట్టుకోవడం. వచ్చేది మచ్చే. ముందు బైనాక్యులర్‌తో చూడండి. ఫొటో కావాలంటే ఫోను లెన్సును బైనాక్యులర్ కంటి అద్దానికి ఆనించి ప్రయత్నించండి, గుర్తుపట్టడానికి చాలు.

మెర్లిన్ కూత విని చూపించిన పేరు అలాగే రాసేయడం. నేలపట్టు గోలలో యాప్ తికమకపడుతుంది. అది చెప్పిన పక్షిని కంటితో చూసేదాకా జాబితాలో వేయొద్దు.

పక్షి కూతను ఫోనులో వినిపించి పిలవడం, రాయి విసిరి లేపడం, డ్రోన్ ఎగరేయడం. పులికాట్, నేలపట్టు రెండూ అభయారణ్యాలే, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. మీ గుంపులో ఎవరైనా చేస్తుంటే మీరే ఆపించండి, సిబ్బంది వచ్చేదాకా ఆగొద్దు.

పిల్లలను తీసుకెళ్లి మూడు గంటలు నిలబెట్టడం. పిల్లలతో అయితే పులికాట్ గంటన్నర, నేలపట్టు గంట. మునుగుడు కోడి మునిగినప్పుడు మళ్లీ ఎక్కడ తేలుతుందో పందెం కట్టండి. పక్షి పేరు చెప్పమని పరీక్ష మాత్రం పెట్టకండి.

ఫ్లెమింగో కనిపించలేదని రోజు వృథా అనుకోవడం. నీళ్లు లోతుగా ఉన్నాయేమో చూడండి. లోతుగా ఉంటే ఆ రోజు పులికాట్‌లో గంటకు మించి ఉండకుండా నేలపట్టుకు పొద్దున్నే వెళ్లిపోండి. ఫిబ్రవరి రెండో వారంలో మళ్లీ రండి. అప్పటికి బాతులు పలచబడొచ్చు, నీళ్లు మాత్రం లాగి ఉంటాయి. ముందే వేసిన గూళ్లలో గూడబాతు పిల్లలు తల్లులంత పెరిగి, కొమ్మల అంచున రెక్కలు కొట్టి చూసుకుంటుంటాయి.